కొరియా ఫ్యాక్టరీ వచ్చింది సరే, మా లేత్ షాపుకి ఏమొచ్చింది?

లేపాక్షి_బసవన్న | ఆదివారం, ఉదయం 7.40

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదవడమే కానీ రాయడం ఇదే మొదలు. మాది హిందూపురం. తూముకుంట పారిశ్రామికవాడలో చిన్న మెషిన్ షాప్ ఉంది. రెండు లేత్‌లు, ఒక మిల్లింగ్ మెషిన్, అప్పు చేసి కొన్న, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషిన్ ఒకటి. ఐదుగురు కుర్రాళ్లు.

2017 ఏప్రిల్‌లో కొరియా కార్ల కంపెనీ కియాతో ఒప్పందం కుదిరిందన్న రోజు మా వీధిలో స్వీట్లు పంచారు. నేనూ రెండు మైసూర్‌పాకులు తిన్నాను, అబద్ధం ఎందుకు. పెనుకొండ దగ్గర ఎర్రమంచి అంటే అప్పటిదాకా వానొస్తే వేరుశనగ, రాకపోతే బెంగళూరు బస్సు. అలాంటి నేలకి గొల్లపల్లి రిజర్వాయరు నుంచి నీళ్లిచ్చారు, 500 ఎకరాల పైన చదును చేశారు, 2019 ఆగస్టుకల్లా సెల్టోస్ కారు బయటికొచ్చింది. మా వీధి చివర కల్వర్టుకి అంతకంటే ఎక్కువ కాలం పట్టింది.

ఇక నా సంగతి. 2021లో ఆ ఫ్యాక్టరీకి విడిభాగాలు ఇచ్చే ఒక వెండర్ దగ్గర్నుంచి పిలుపొచ్చింది. ఎవరో చెప్పను, వాళ్ల తప్పేం లేదు కూడా. చిన్న బుష్ ఒకటి చేయాలి, అరచేతిలో నాలుగు పడతాయి. డ్రాయింగ్ మీద బోర్, అంటే లోపలి రంధ్రం, 12 హెచ్7 అని ఉంది. అంటే 12 మిల్లీమీటర్ల మీద 18 మైక్రాన్ల దాకా పెరగొచ్చు, తగ్గడానికి మాత్రం ఒక్క మైక్రాన్ కూడా వీల్లేదు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 500 పీసుల శాంపిల్ లాట్ పంపాను. 41 వెనక్కొచ్చాయి. మా బోర్ గేజ్‌కి క్యాలిబ్రేషన్, అంటే కొలత సరిగ్గా చూపిస్తోందో లేదో పరీక్ష, చేయించి ఎన్నేళ్లయిందో ఆ వీరభద్రుడికే తెలియాలి. దానికి తోడు ఏ దశలో ఏం కొలవాలో రాసే కంట్రోల్ ప్లాన్ అనీ, భాగం ఆమోదానికి ముందు ఇచ్చే రుజువుల కట్ట పీపీఏపీ అనీ ఫైలు అడిగారు. మా దగ్గరున్నది ఒక లాంగ్ నోట్‌బుక్కు. ఆర్డరు బెంగళూరు పీణ్య వాళ్లకి పోయింది.

మా ఊళ్లో అద్దెలు పెరిగాయి. కొరియా వాళ్ల హోటళ్లు వచ్చాయి, బోర్డులు కొరియా భాషలోనే. టెంపోలు తిప్పేవాళ్లకి పని దొరికింది. మంచిదే. కానీ పేపర్లో "వేల కోట్ల పెట్టుబడి, మారిన జిల్లా ముఖచిత్రం" అని చదివినప్పుడల్లా నాకొకటే అనిపిస్తుంది: ఆ వేల కోట్లు నా గేటు ముందు నుంచే పోయాయి, లోపలికి మాత్రం రాలేదు. విదేశీ పెట్టుబడి వస్తే దేశం ఎదుగుతుందని చదువుకున్నవాళ్లంతా చెబుతారు కదా. ఎలా ఎదుగుతుందో ఎవరైనా నాకర్థమయ్యేట్టు చెప్పండి.

---

గోదారి_గట్టు | ఉదయం 8.05

చెప్పేదేముంది అన్నా. 1611లో మచిలీపట్నంలో ఇంగ్లీషువాళ్లు దిగింది కూడా "పెట్టుబడి"తోనే. ఫ్యాక్టరీ పెడతాం అన్నారు. తర్వాత కథ ఐదో తరగతి పిల్లాడికి కూడా తెలుసు. భూమి మనది, నీళ్లు మనవి, కరెంటు రాయితీ మన పన్నుల్లోంచి. లాభం వాళ్లది.

---

గ్రూప్స్_గణేశ్ | ఉదయం 8.31

సార్ చిన్న డౌట్. ఎఫ్‌డీఐకి, ఎఫ్‌పీఐకి తేడా ఎవరైనా సింపుల్‌గా చెప్తారా? మెయిన్స్‌కి ప్రిపేర్ అవుతున్నా. 10 మార్కుల ప్రశ్నకి ఎన్ని పాయింట్లు రాయాలి?

---

లెక్కలపిచ్చి | ఉదయం 9.12

గణేశ్ తమ్ముడూ, పాయింట్లు లెక్కపెట్టడం మానేయ్, విషయం పట్టుకో. స్టాక్ మార్కెట్‌లో ఉన్న కంపెనీలో విదేశీయుడు 10 శాతమో ఆపైనో వాటా కొంటే అది ప్రత్యక్ష పెట్టుబడి, ఎఫ్‌డీఐ. 10కి తగ్గితే పోర్ట్‌ఫోలియో, అంటే ఎఫ్‌పీఐ. మార్కెట్‌లో లేని కంపెనీ అయితే ఎంత పెట్టినా ఎఫ్‌డీఐనే. రెండోది ఫోన్‌లో బటన్ నొక్కితే వెళ్లిపోతుంది. మొదటిది అంత తేలిక కాదు, ప్రెస్ షాపులో 1000 టన్నుల ప్రెస్సు దించాక దాన్ని సూట్‌కేసులో పెట్టుకుని పోలేరు.

బసవన్న గారికి నా మాట తర్వాత చెబుతా. ఆదివారం కదా, దోసెలు పిలుస్తున్నాయి.

---

ఎకో_మాస్టారు | ఉదయం 10.20

ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకి ఇదే పాఠం చెప్పాను, ఇప్పుడు రిటైరయ్యాను కాబట్టి నిజం చెబుతాను. "విదేశీ పెట్టుబడి వస్తే ఎదుగుదల వస్తుంది" అన్న వాక్యం పరీక్షకి పనికొస్తుంది, బయట పనికిరాదు.

ముందు గట్టు గారికి. మచిలీపట్నం వాళ్లు పెట్టిన ఫ్యాక్టరీ గిడ్డంగి, మన నేతగాళ్ల బట్ట కొని నిల్వ చేసే చోటు. అందులో ఏదీ తయారుచేసింది లేదు. కాబట్టి పోలిక కుదరదు. మీ అనుమానం మాత్రం ఉంచుకోండి, పనికొస్తుంది.

ఇక బసవన్న గారూ. 1998లో బోరెన్‌స్టీన్, డి గ్రెగోరియో, లీ అని ముగ్గురు ఆర్థికవేత్తలు 69 వర్ధమాన దేశాల రెండు దశాబ్దాల లెక్కలు తీశారు. వాళ్లకి కనిపించింది ఇది: విదేశీ పెట్టుబడి ఎదుగుదలకి తోడ్పడుతుంది, కానీ ఆ దేశంలో చదువు ఒక మట్టం దాటి ఉంటేనే. ఆ మట్టం కింద ఉన్న దేశానికి డబ్బొచ్చినా పెద్దగా ఒరిగేది లేదు. ఎండిన చెరువులో వాన పడినట్టు, నేల తాగేస్తుంది, కాలవదాకా రాదు.

మరుసటి ఏడాది ఐట్కెన్, హారిసన్ అనేవాళ్లు వెనిజువెలా ఫ్యాక్టరీలు చూశారు. విదేశీ వాటా ఉన్న ఫ్యాక్టరీల పనితనం బాగానే ఉంది. అదే రంగంలో ఉన్న స్వదేశీ ఫ్యాక్టరీలది మాత్రం తగ్గింది. వచ్చినవాడు గిరాకీని లాక్కున్నాడన్నమాట.

ఇంకో ఐదేళ్లకి, 2004లో, జావోర్చిక్ అనే ఆవిడ లిథువేనియా మీద రాసింది. మీకు కావలసింది అక్కడుంది. పోటీదారులకి మేలు జరగలేదు కానీ, ఆ విదేశీ ఫ్యాక్టరీలకి సరుకు అమ్మే స్థానిక కంపెనీల పనితనం పెరిగింది.

మన భాషలో చెప్పాలంటే, ఊళ్లోకి పెద్ద హోటల్ వచ్చిందనుకోండి. పక్కనున్న చిన్న హోటల్ మూతపడుతుంది. పాలు పోసేవాడు మాత్రం బాగుపడతాడు, వాడి పాలలో నీళ్లు లేవని హోటల్‌వాడు నమ్మితే. బసవన్న గారూ, మీరు పాలు పోసేవాళ్లు. మీ పాలు లాక్టోమీటర్ దగ్గర ఆగిపోయాయి.

---

గోదారి_గట్టు | ఉదయం 10.44

మాస్టారూ, బాగా చెప్పారు కానీ ఒక ప్రశ్న. మరి లాక్టోమీటర్ కొనిచ్చే బాధ్యత ఎవరిది? భూమి ఇచ్చేటప్పుడు ప్రభుత్వం ఆ మాట అడగొచ్చు కదా. "ఇన్ని భాగాలు ఇక్కడివాళ్ల దగ్గరే కొనాలి" అని రాయించుకోవచ్చు కదా?

---

ఎకో_మాస్టారు | ఉదయం 11.15

అడగొచ్చు అనుకుంటాం. ఒకప్పుడు అడిగాం కూడా. 1982లో మారుతీతో సుజుకీ కలిసినప్పుడు సుజుకీ వాటా 26 శాతమే. విడిభాగాలు దశలవారీగా ఇక్కడే చేయించాలన్నది అప్పటి పద్ధతి. మారుతీ తనే కొన్ని విడిభాగాల కంపెనీల్లో వాటా పెట్టింది, మనవాళ్లని జపాన్ కంపెనీలతో జత కలిపింది. 1983 డిసెంబరులో మొదటి కారు వచ్చేటప్పటికి అందులో ఎక్కువ భాగం జపాన్ నుంచి వచ్చిన సరుకే. ఇవాళ గురుగ్రామ్, మానేసర్ చుట్టుపక్కల విడిభాగాల కంపెనీలు చూస్తే ఆ వెంటపడటం ఎంత పని చేసిందో తెలుస్తుంది.

ఇప్పుడు ఆ షరతు పెట్టలేం. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ, డబ్ల్యూటీఓ, మొదలైనప్పుడే "స్థానిక సరుకు కొనాలి" అన్న షరతులు చెల్లవని ఒప్పందం ఉంది. మన దేశం కార్ల కంపెనీల మీద అలాంటి షరతులు కొనసాగిస్తే అమెరికా, ఐరోపా సమాఖ్య ఫిర్యాదు చేశాయి, 2001 డిసెంబరులో తీర్పు మనకి వ్యతిరేకంగా వచ్చింది. ఎక్కి వచ్చిన నిచ్చెనని పైనున్నవాళ్లు లాగేశారని కొందరు ఆర్థికవేత్తల బాధ. నాకూ అందులో సగం నిజం ఉందనిపిస్తుంది.

---

హనోయ్_తెలుగోడు | మధ్యాహ్నం 12.50

నేను వియత్నాంలో బాక్ నిన్ దగ్గర ఆరేళ్లుగా పనిచేస్తున్నా. మెకానికల్ ఇంజినీర్‌ని, సొంతూరు ఒంగోలు. ఈ చర్చ చూసి ఆగలేకపోయా, ఎందుకంటే బసవన్న గారి కథ ఇక్కడ దేశం మొత్తానిది.

వియత్నాం 1986లో దోయ్ మోయ్ అని సంస్కరణలు మొదలుపెట్టింది, మరుసటేడాది విదేశీ పెట్టుబడుల చట్టం చేసింది. అమెరికా ఆంక్షలు 1994లో పోయాయి. 2007లో డబ్ల్యూటీఓలో చేరారు. 2009 నుంచి శాంసంగ్ బాక్ నిన్‌లో ఫోన్లు చేస్తోంది, తర్వాత థాయ్ న్గుయెన్‌లో ఇంకా పెద్దది పెట్టింది. మొత్తం పెట్టుబడి 2,000 కోట్ల డాలర్లు దాటింది. దేశం ఎగుమతుల్లో ఒక్క శాంసంగ్ వాటానే కొన్నేళ్లపాటు ఐదో వంతుకి అటూ ఇటూ ఉంది. అన్ని విదేశీ కంపెనీలూ కలిపితే 70 శాతం పైనే.

షిఫ్ట్ మారే టైమ్‌కి ఇక్కడ రోడ్డు మీద నిలబడితే తెలుస్తుంది ఈ అంకెలంటే ఏమిటో. బస్సుల వరస అయ్యాక స్కూటీల వరస, అది అయ్యేసరికి నేను తాగే కాఫీ చల్లారిపోతుంది. ఇరవై ఏళ్ల అమ్మాయిలే ఎక్కువ. వాళ్ల ఊళ్లలో కొత్త ఇళ్లు, మూడంతస్తులు, సన్నగా నిలువుగా అగ్గిపెట్టెల్లా ఉంటాయి. పేదరికం తగ్గిందన్నది కాగితం మీద మాట కాదు, కళ్లకి కనిపిస్తుంది.

కానీ మా క్యాంటీన్‌లో వియత్నాం ఇంజినీరు ఒకాయన ఉన్నాడు, మందు పడితే ఒకటే పాట: "ఫోన్ మీద మేడ్ ఇన్ వియత్నాం అని ఉంటుంది, లోపల మా దేశానిది ఏముందో చెప్పు?" డిస్‌ప్లే, చిప్, కెమెరా అన్నీ బయటి నుంచి వచ్చినవో, వెంట వచ్చిన కొరియా వెండర్లు ఇక్కడే పెట్టిన ఫ్యాక్టరీల్లో చేసినవో. వియత్నాం కంపెనీలకి చాలాకాలం దక్కింది అట్టపెట్టెలు, ప్యాకింగ్, ప్రింటింగ్, ప్లాస్టిక్ ట్రేలు. ఇప్పుడిప్పుడే అచ్చులు (మోల్డ్‌లు), చిన్న చిన్న ప్రెస్ భాగాలు. అది కూడా ఇక్కడి పరిశ్రమల శాఖ, శాంసంగ్ కలిసి ఒక కార్యక్రమం పెట్టాయి కాబట్టి. కొరియా నుంచి కన్సల్టెంట్లు వచ్చి స్థానిక షాపుల్లో నెలల తరబడి కూర్చుంటారు. పనిముట్టు ఎక్కడ పెట్టాలి, లాట్ ఎలా గుర్తుపెట్టాలి అన్న దగ్గర్నుంచి చూపిస్తారు. నేను ఒక షాపుకి వెళ్లాను. నేల మీద పసుపు గీతలు గీయించడానికే వారం పట్టింది. ముసలాయన ఓనరు రోజూ ఆ గీత మీదే స్కూటర్ పెట్టేవాడు.

మాస్టారు చెప్పిన చదువు మాట నిజం. 2012లో వియత్నాం పిల్లలు మొదటిసారి పీసా అని పదిహేనేళ్ల పిల్లలకి దేశదేశాల్లో పెట్టే పరీక్ష రాస్తే లెక్కల్లో ధనిక దేశాల సగటు కంటే ఎక్కువ వచ్చింది. అప్పటికి దేశం మనంత పేదది.

---

సత్యవేడు_స్వప్న | మధ్యాహ్నం 2.15

నేను మాట్లాడొచ్చా? ఆర్థికశాస్త్రం తెలియదు నాకు. ఐదేళ్లు ఫోన్ల లైన్‌లో పనిచేశాను, శ్రీసిటీ పక్క. కంపెనీ పేరు అడగొద్దు.

మా ఊరికి తెల్లవారుజామున నాలుగున్నరకి బస్సు వచ్చేది. డిప్లొమా అయి ఇంట్లో ఉన్నాను, సంబంధాలు చూస్తున్నారు. 2015లో ఇటుపక్క ఫోన్లు చేయడం మొదలయ్యాక ఊళ్లో ఎనిమిది మందిమి ఒకే బస్సెక్కాం. మొదటి జీతం ఏటీఎంలో తీసినప్పుడు మిషన్ నోట్లు లెక్కపెట్టే చప్పుడు ఇప్పటికీ గుర్తు. అమ్మకి ఇస్తే చేతిలోకి తీసుకోలేదు, దేవుడి దగ్గర పెట్టు అంది.

పెళ్లి మూడేళ్లు వాయిదా పడింది. అది నా ఇష్టం మీద. ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు, ఎందుకంటే తమ్ముడి ఫీజు నా ఖాతాలోంచి పోతోంది. అన్నయ్యలు ఇక్కడ లాభం ఎవరిది, భూమి ఎవరిది అంటున్నారు. నాకు ఆ బస్సు గుర్తొస్తుంది.

అలాగని అంతా బాగుందనను. మొదట్లో స్క్రూలు, తర్వాత ఇన్‌స్పెక్షన్. భూతద్దం కింద రోజుకి ఎన్ని బోర్డులు చూశానో, కళ్లు మండేవి. చాలామందిమి కాంట్రాక్టే. మోడల్ మారితే లైన్ తగ్గుతుంది, లైన్ తగ్గితే మేం తగ్గుతాం. ఐదేళ్లకి లైన్ లీడర్ దాకా వచ్చాను, ఆ పైన ఏముందో ఎవరూ చెప్పలేదు.

---

గోదారి_గట్టు | మధ్యాహ్నం 2.40

అమ్మా, నువ్వు చెప్పింది కాదనను. కానీ ఆ కంపెనీ రేపు ఇంకో దేశంలో చవకని పోతే? ఇథియోపియా చూడండి. హవాస్సాలో 2016లో పెద్ద బట్టల పార్కు తెరిచారు. నెలకి 26 డాలర్ల మూల జీతం, ప్రపంచంలోనే చవక. అమెరికాలో సుంకం లేకుండా అమ్ముకునే వీలుందని వచ్చాయి కంపెనీలు. అక్కడి అంతర్యుద్ధం పేరుతో 2022 జనవరిలో అమెరికా ఆ వీలు తీసేసింది. తీసేస్తారని తెలియగానే పీవీహెచ్ లాంటి పెద్ద బట్టల కంపెనీ ముందే మూటాముల్లె సర్దుకుంది. ఇక ఆ అమ్మాయిల సంగతి?

---

ఎకో_మాస్టారు | మధ్యాహ్నం 3.30

గట్టు గారి ఉదాహరణ సరైనదే. దాని పక్కన కోస్టారికాని పెట్టి చూడండి. చిన్న దేశం, అరటిపళ్లు, కాఫీ. 1996లో ఇంటెల్ వస్తానంది, 1998కి చిప్పుల అసెంబ్లీ మొదలైంది. దేశమంతా పండగ. 2014లో ఆ అసెంబ్లీ మూసేసి ఆసియాకి తరలిస్తున్నామంది, దాదాపు 1,500 ఉద్యోగాలు పోయాయి. దేశం కుప్పకూలుతుందనుకున్నారు. కూలలేదు. అప్పటికే ఇంగ్లీషు, సాంకేతిక విద్య మీద ప్రభుత్వం ఖర్చుపెట్టి ఉంది, ఇంటెల్‌ని చూసి వైద్య పరికరాల కంపెనీలు వరసగా వచ్చి ఉన్నాయి. ఇవాళ వాళ్ల ఎగుమతుల్లో పెద్దపీట వైద్య పరికరాలదే. ఇంటెల్ అసెంబ్లీ కొన్నేళ్లకి మళ్లీ వచ్చింది, 2025లో మళ్లీ పోతానంది. అల్లుడు అలిగి పోయినా కూతురి సంసారం నిలబడింది, అంతే.

హవాస్సాకి, కోస్టారికాకి తేడా కంపెనీల మంచితనంలో లేదు. ఒకచోట చవక తప్ప ఇంకేమీ అమ్మకానికి లేదు. చవక కోసం వచ్చినవాడు ఇంకో చవక దొరికితే పోతాడు.

---

లెక్కలపిచ్చి | సాయంత్రం 5.05

దోసెలు అయ్యాయి, నిద్ర కూడా అయింది. ఇక నా వంతు.

మీరంతా ఫ్యాక్టరీల గురించి మాట్లాడుతున్నారు. నేను కంపెనీల లెక్కల పుస్తకాలు రాసేవాణ్ణి, నాకు ఆ మాట వింటేనే నవ్వొస్తుంది, ఎందుకంటే ఎఫ్‌డీఐ అంటే ఫ్యాక్టరీ అనుకోవడమే మొదటి పొరపాటు.

మన హైదరాబాద్ సంగతే చూడండి. శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకా ఇక్కడే తయారుచేసి ధర ఎక్కడో ఉన్నదాన్ని నేలకి దించింది. ముందు ఫ్రాన్స్ కంపెనీ మెరియూ అలయన్స్ దాన్ని కొంది, 2009లో దాని దగ్గర్నుంచి ఇంకో ఫ్రాన్స్ కంపెనీ సనోఫీ కొంది. అంతకుముందు మ్యాట్రిక్స్ ల్యాబ్స్‌ని అమెరికా మైలాన్ తీసుకుంది. మెరియూ కొన్నదీ, మైలాన్ కొన్నదీ, రెండూ ఎఫ్‌డీఐనే. ఆ రోజు కొత్తగా ఒక్క ఇటుక పెట్టలేదు, ఒక్క రియాక్టరు దించలేదు. ఉన్న కంపెనీకి యజమాని మారాడు. అది మంచా చెడా అన్నది వేరే చర్చ, కానీ "ఇంత ఎఫ్‌డీఐ వచ్చింది" అని చప్పట్లు కొట్టేటప్పుడు అందులో కొత్త షెడ్డు ఎంత, పాత షెడ్డుకి కొత్త బోర్డు ఎంత అని అడగాలి. ఇక్కడే సంపాదించిన లాభాన్ని ఇక్కడే ఉంచినా అదీ ఎఫ్‌డీఐ లెక్కలోకే వస్తుంది.

ఇంకోటి. చాలా ఏళ్లు మన దేశానికి అందరికంటే ఎక్కువ పెట్టుబడి పెట్టింది ఎవరో తెలుసా? మారిషస్. జనాభా మన విశాఖ అంత కూడా లేని ద్వీపం. షేర్లు అమ్మిన లాభం మీద అక్కడ పన్ను లేదు, మనం కూడా వేయకుండా పన్ను ఒప్పందం ఉంది కాబట్టి ఎక్కడెక్కడి డబ్బో అక్కడ బోర్డు తగిలించుకుని వచ్చేది. మన డబ్బే బయటికెళ్లి, మారిషస్ మీదుగా టోపీ పెట్టుకుని వచ్చేదని ఎప్పట్నుంచో ఉన్న ఆరోపణ. 2016లో ఒప్పందం సవరించి, 2017 ఏప్రిల్ నుంచి కొన్న షేర్ల మీద మనం పన్ను వేసుకునే హక్కు తెచ్చుకున్నాం. ఆ తర్వాత సింగపూర్ ముందుకొచ్చింది.

అసలు బాంబు ఇప్పుడు. 2024-25లో మన దేశానికి వచ్చిన స్థూల ఎఫ్‌డీఐ సుమారు 8,100 కోట్ల డాలర్లు. పేపర్లో వచ్చింది ఈ అంకే. అదే ఏడాది విదేశీ ఇన్వెస్టర్లు వాటాలు అమ్ముకుని, వెనక్కి తీసుకుని వెళ్లింది 5,100 కోట్ల పైన. మన కంపెనీలు విదేశాల్లో పెట్టింది 2,900 కోట్ల దాకా. తీసివేయండి. 2025 మేలో ఆర్బీఐ చెప్పిన నికర లెక్క 35 కోట్ల డాలర్లు. కోట్లలోనే, వేల కోట్లలో కాదు. అంతకు ముందు ఏడాది 1,000 కోట్లు.

---

గ్రూప్స్_గణేశ్ | సాయంత్రం 5.20

సార్ 8,100 లో నుంచి 35 మిగలడమా?? ఇది ఏ బుక్‌లోనూ చూడలేదు.

---

హనోయ్_తెలుగోడు | సాయంత్రం 5.48

లెక్కలపిచ్చి గారూ, దీన్ని మరీ భయపెట్టేలా చెప్పకండి. పదేళ్ల క్రితం పెట్టినవాడు లాభానికి అమ్ముకుని పోగలిగాడంటే, కొత్తవాడికి అదే ధైర్యం. తలుపు లోపలికే తెరుచుకునే ఇంట్లోకి ఎవరొస్తారు? మన కంపెనీలు బయట పెట్టగలుగుతున్నాయంటే అదీ బలమే.

---

లెక్కలపిచ్చి | సాయంత్రం 6.10

ఒప్పుకుంటా. సగం. అమ్ముకుని పోగలగడం మంచిదే, కానీ పోయినవాడి చోట అంతకంటే ఎక్కువ రావాలి కదా. ఇంకో పక్క చూడండి, 2024లో బయటున్న మనవాళ్లు ఇంటికి పంపిన డబ్బు 12,900 కోట్ల డాలర్లని ప్రపంచ బ్యాంకు అంచనా. దుబాయ్‌లో తాపీపని చేసే కరీంనగర్ మనిషికి ఎవరూ ఎయిర్‌పోర్టులో పూలదండ వేయరు, ఎకరాలు ఇవ్వరు. వాడి డబ్బుకి లాభం వెనక్కి పట్టుకెళ్లే పని కూడా లేదు.

---

గోదారి_గట్టు | సాయంత్రం 6.22

ఇది నేను చెప్పాలనుకున్నా, మీరే చెప్పారు. అసలు కొరియానే విదేశీ పెట్టుబడిని ఇంట్లోకి రానివ్వకుండా ఎదిగింది. మనకి మాత్రం తలుపులు బార్లా తెరవమని పాఠం.

---

ఎకో_మాస్టారు | రాత్రి 7.45

ఇది మాత్రం గట్టు గారు నూటికి తొంభై పాళ్లు కరెక్టు. కొరియా, అంతకుముందు జపాన్, విదేశీ కంపెనీల వాటాల్ని బాగా కట్టడి చేశాయి. డబ్బు కావాలంటే అప్పు తెచ్చుకున్నాయి, పనితనం కావాలంటే లైసెన్సు కొనుక్కున్నాయి. హ్యుండాయ్ 1975లో పోనీ అనే కారు తెచ్చింది. ఇంజిన్ మిత్సుబిషీది, ఆకారం గీసింది ఇటలీ ఆయన జుజారో. కంపెనీ మాత్రం తమదే.

బసవన్న గారూ, మీకోసం ఒకటి దాచాను. కియా మొదలైంది 1944లో. కార్లతో కాదు. ఇనుప గొట్టాలు, సైకిల్ విడిభాగాలు చేసే షాపుగా. 1997లో దివాలా తీసింది కూడా, మరుసటేడు హ్యుండాయ్ కొంది.

కానీ కొరియా దారి అందరికీ కుదరదు. బర్మా కూడా తలుపులు మూసుకుంది, కొరియా కాలేదు. 1977-78లో మనం కోకాకోలాని, ఐబీఎంని పంపించేశాం, అంతమాత్రాన మన చేతికి కొరియా రాలేదు. మెక్సికో 1994లో అమెరికా, కెనడాలతో చేసుకున్న నాఫ్టా వాణిజ్య ఒప్పందంతో తలుపులన్నీ తీసింది, కార్ల ఫ్యాక్టరీలు కుప్పలుగా వచ్చాయి, ఎగుమతులు ఎన్నో రెట్లు పెరిగాయి. తలసరి ఆదాయం మాత్రం నత్తనడకే. తలుపు తీయడం, మూయడం కాదు తేడా తెచ్చింది. కొరియాలో ఎగుమతి చేసి చూపించని కంపెనీకి బ్యాంకు అప్పు ఆగిపోయేది. ఆ పట్టుదల మనకి ఎప్పుడూ లేదు, రాయితీ ఇచ్చాక వెనక్కి తిరిగి చూడం.

---

నిర్వాహకుడు | రాత్రి 8.02

ఇప్పటివరకు పార్టీల గొడవ లేకుండా సాగింది, సంతోషం. "ఎవరి హయాంలో వచ్చింది" అన్న రెండు పోస్టులు తీసేశాను. దానికి వేరే దారం ఉంది, అక్కడ కొట్టుకోండి.

---

లేపాక్షి_బసవన్న | రాత్రి 9.30

ఇప్పుడే షాపు కట్టేసి వచ్చి అన్నీ చదివాను. భోజనం పెట్టుకుని చదువుతుంటే మా ఆవిడ తిట్టింది.

మాస్టారూ, కియా సైకిల్ విడిభాగాల షాపు అన్న దగ్గర అన్నం ముద్ద ఆగిపోయింది. మా నాన్న సైకిల్ యాక్సిళ్లు తిప్పేవాడు, అదే లేత్ ఇప్పటికీ మూలన ఉంది.

మొదట్లో కడుపుమంటతోనే రాశాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ 41 పీసుల్లో తప్పు నాదే. కానీ వాళ్లు నన్ను పిలవకపోతే నా గేజ్ తప్పు చూపిస్తోందని నాకెప్పటికీ తెలిసేది కాదు, బోర్‌వెల్ పంపుల వాళ్లు ఏనాడూ మైక్రాన్ అడగలేదు.

పీణ్య వాళ్లకి సీఎంఎం అని మైక్రాన్లలో కొలిచే మెషిన్ ఉంది. కొత్తది నాబోటివాడు కొనే ధర కాదు. వియత్నాం తమ్ముడు చెప్పినట్టు కూర్చుని నేర్పేవాళ్లు మనకెక్కడ దొరుకుతారు? ఇంకోటి, పని దొరికినా డబ్బు తొంభై రోజులకి ఇస్తామంటారు, అంతకాలం స్టీలు ఎవడు అప్పిస్తాడు?

---

లెక్కలపిచ్చి | రాత్రి 10.05

తొంభై రోజుల మాట నాకు వదిలేయండి. మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా కేంద్రం దగ్గర నమోదు, ఉందా? ఉంటే చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజులు దాటకూడదు, దాటితే వడ్డీ. 2024 నుంచి ఇన్‌కమ్ ట్యాక్స్‌లో కూడా మెలిక పెట్టారు, మీలాంటివాళ్లకి గడువు దాటి, ఏడాది ముగిసినా కట్టని బిల్లుని ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేరు. పెద్ద కంపెనీల అకౌంట్స్ వాళ్లకి ఇది బాగా తగిలింది. బిల్లు మీద ఉద్యమ్ నంబర్ అచ్చు వేయించండి, రేపే.

---

హనోయ్_తెలుగోడు | రాత్రి 10.20

నేర్పేవాళ్లు ఉన్నారన్నా. హైదరాబాద్ బాలానగర్‌లో సీఐటీడీ ఉంది, కేంద్ర ప్రభుత్వ టూల్ డిజైన్ సంస్థ, 1968 నుంచి. నేను అక్కడే చదివా. సీఎంఎం ఒక్కరే కొనాలని ఏముంది, తూముకుంటలో మీలాంటి షాపులు ఆరేడు కలిసి ఒకటి పాతది చూసుకోండి. ఇక్కడ బాక్ నిన్‌లో నలుగురు అన్నదమ్ములు అలాగే చేశారు. గదికి ఏసీ మాత్రం తప్పనిసరి, వేడికి కొలత మారిపోతుంది.

---

సత్యవేడు_స్వప్న | రాత్రి 10.41

బసవన్న గారూ, ఒక మాట అడగనా. నాతోపాటు లైన్‌లో పనిచేసిన అమ్మాయి, మా చిన్నాన్న కూతురే, ఇప్పుడు హిందూపురం కోడలు. మూడేళ్లు ఇన్‌కమింగ్ క్వాలిటీలో, అంటే బయట్నుంచి వచ్చే సరుకు పరీక్షించే చోట, చేసింది. కంట్రోల్ ప్లాన్, లాట్ రికార్డులు అన్నీ దానికి వచ్చు, గేజ్ క్యాలిబ్రేషన్ తేదీ దాటితే లైన్ ఆపేసేది, అంత మొండిది. ఇంట్లో ఊరికే ఉంది. మీ ఫైలు పని చేసిపెట్టగలదు.

---

ఎకో_మాస్టారు | రాత్రి 10.50

చూశారా, ముప్పై ఏళ్లు పాఠం చెప్పి నేను ఈ దారి చెప్పడం మర్చిపోయాను. సరుకు దారిలోనే కాదు, మనిషి దారిలో కూడా పనితనం నడిచి వస్తుంది.

---

లేపాక్షి_బసవన్న | రాత్రి 11.10

అమ్మా స్వప్నా, నంబరు ఇక్కడ పెట్టొద్దు, మెసేజ్‌లో పంపు. పాపని వచ్చే సోమవారం కాదు, ఆ పై సోమవారం రమ్మను. మా షాపులో ఆడవాళ్లకి బాత్రూం లేదు. ముందు అది కట్టించాలి.